ఎండకు తోడు నిలిచిన బ్యాటరీ

ఇంటికి సోలార్ పెట్టించుకునేవాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కుతుండగా ఫ్యాను వేసుకోవచ్చా? నిశ్చింతగా వేసుకోవచ్చు. ఈ ఏర్పాటు పుట్టిందే అందుకు. పుట్టించింది టెలిఫోను ఇంజినీర్లు.

ఎండ కరెంటు రాకముందే వాళ్లకు ఈ పద్ధతి అలవాటు. గాస్టన్ ప్లాంటె 1859లో కనిపెట్టిన లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎక్స్ఛేంజీల్లో ఛార్జరుకూ ఫోన్లకూ ఒకే తీగల మీద కలిపి ఉంచేవారు. కరెంటు పోయినా మాట తెగేది కాదు. చిక్కల్లా కరెంటే లేని చోట్ల. వేడి, తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో ఫోన్లకు వాడే డ్రై సెల్స్ తొందరగా పాడైపోతుంటే, వేరే దారి వెతికే పనిని 1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ డరిల్ చాపిన్‌కు అప్పగించింది.

అప్పట్లో దొరికే సెలీనియం సెల్స్ ఎండలో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మార్చలేకపోయేవి. అదే సంస్థలో సిలికాన్ మీద పనిచేస్తున్న కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ ఆయనకు తోడయ్యారు. 1954 ఏప్రిల్ 25న వాళ్లు లోకానికి చూపిన సిలికాన్ సెల్ దాదాపు 6 శాతం రాబట్టింది. ఆ రోజు దాంతో బొమ్మ రంగులరాట్నం తిప్పిన సంగతే అందరూ చెబుతారు. నాకు మాత్రం మరుసటి ఏడాది జరిగిందే పెద్ద ఘట్టం. 1955 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర ఒక స్తంభానికి 432 సెల్స్ పలకను బిగించి, పల్లె టెలిఫోను లైనుకు కలిపారు. పగలు లైను వాడుకోగా మిగిలింది బ్యాటరీలోకి వెళ్లేది. రాత్రీ, ముసురు పట్టినప్పుడూ బ్యాటరీయే లైనును నడిపేది. వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు రావడంతో లోడు తగ్గింది. లేకపోతే అంత చిన్న పలక చాలేది కాదు.

ఇందులో స్విచ్ మార్చే మనిషి లేడు. ప్యానెల్, బ్యాటరీ, లోడు ఒకే జత తీగల మీద ఉంటాయి. ప్యానెల్ 5 ఆంపియర్లు ఇస్తుండగా లోడు 3 లాగితే, మిగిలిన 2 బ్యాటరీకి ఎక్కుతాయి. మబ్బు కమ్మి ప్యానెల్ 1కి పడిపోతే, తగ్గిన 2 బ్యాటరీ ఇస్తుంది. ఏ క్షణాన చూసినా బ్యాటరీ ఎక్కుతుంటుంది, లేదా దిగుతుంటుంది. రెండూ ఒకేసారి జరగవు. రాత్రి దాని కరెంటు ప్యానెల్‌లోకి వెనక్కి పారకుండా డయోడు అడ్డుంటుంది. ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టే. ఎండ వేడికి అదీ కొంత తగ్గుతుంది. అందుకే 12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్స్ వరుస పెట్టడం ఆనవాయితీ అయింది. 14 వోల్టులు దాటితే గాని ఆ బ్యాటరీ పూర్తిగా నిండదు.

అమెరికస్ లైను బాగానే పనిచేసింది. కానీ సిలికాన్ ధర భరించలేక ఆ పలకను తీసేశారు.

ఖరీదుకు వెనుకాడనిది అంతరిక్షం. 1958 మార్చిలో వెళ్లిన ఉపగ్రహం వాన్‌గార్డ్ 1లో సోలార్ సెల్స్‌కు ఒక ట్రాన్స్‌మిటర్, ఛార్జింగ్ లేని బ్యాటరీకి ఇంకొకటి ఉండేవి. బ్యాటరీది జూన్‌లోనే ఆగిపోయింది, సోలార్‌ది 1964 దాకా పలికింది. 1959 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ 6 ఈ రెంటినీ జత కలిపింది. దాదాపు 8,000 సెల్స్ దాని నికెల్ కాడ్మియం బ్యాటరీలను నింపాయి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద ఎగిరిన మన ఆర్యభట్టదీ ఇదే పద్ధతి. దాదాపు 96 నిమిషాలకో చుట్టు, భూమి నీడలోకి వెళ్లినప్పుడల్లా బ్యాటరీ మీదే బతుకు. దాని సంకేతాలను మన శ్రీహరికోటలో అందుకున్నారు.

మళ్లీ నేలకు దిగింది 1970లలో. ఎలియట్ బెర్మన్ బృందం వాటు ధరను సుమారు 100 డాలర్ల నుంచి 20కి దించాక, సముద్రంలోని చమురు బావుల హెచ్చరిక దీపాలకు ప్యానెల్, బ్యాటరీ జంట వచ్చింది.

ఇవాళ మన ఇళ్లలో ఆ డయోడు పనినీ, అతిగా నిండకుండా కాపాడే పనినీ ఛార్జ్ కంట్రోలరే చూస్తుంది. బ్యాటరీ మరీ దిగితే లోడును తెంచేదీ అదే. అందుకే చిన్న బల్బులూ డీసీ ఫ్యాన్లూ దాని లోడు టెర్మినళ్లకే కలపాలి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఆ రక్షణ పోతుంది, బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. ఇన్వర్టరును మాత్రం బ్యాటరీకే కలుపుతారు. అది లాగే కరెంటును చిన్న కంట్రోలరు మోయలేదు, పైగా దానికి సొంత కటాఫ్ ఉంటుంది.