కూత్తులో ఆడవేషం: కాపాడాల్సిన బిడ్డ ఎవరు?

గురుబరపల్లి పక్క పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్ళంటే భారతకూత్తు ఉండాల్సిందే. తెల్లవార్లూ ఆట. ద్రౌపదికి చీర కట్టేది మగవాడే. మా తరం పిలకాయలమంతా చాప పరుచుకొని ముందరే కూర్చొని చూసినవాళ్ళం. వస్త్రాపహరణం నాడు ముసలమ్మలు ఆ వేషానికే చేతులెత్తి మొక్కుతా ఉండిరి. నడిరేయి దాటి కట్టియక్కారన్ పచ్చిమాటలు మొదలుపెడితే మాత్రం మా అవ్వ మమ్మల్ని లేపి ఇంటికి తోలేది. ఆమెకు అభ్యంతరం చీర మీద కాదు, మాట మీద.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, 2023లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఆడవేషం, మగవేషం కట్టేవాళ్ళ ఆటలు పిల్లలకు హాని చేసేలా ఉంటే, వాళ్ళు చూడగలిగే చోట ఆడకూడదన్నది. భావ స్వేచ్ఛకు అడ్డమని అది కోర్టుకెక్కింది. "మన దేశంలో ఇట్లాంటిది ఉండెనా?" అని మా మనవళ్ళు అడిగిరి.

చట్టాలు ఉండె. కానీ వాటి చూపు వేరే పక్క. కలకత్తా నాటకాలు దొరలను ఎగతాళి చేస్తున్నాయని 1876లో బ్రిటిష్ సర్కారు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. చూసేవాళ్ళను చెడగొట్టే ఆటను ఆపొచ్చని కూడా అందులో రాసినారు. కానీ ఎక్కువ భయం రాజకీయమే. మద్రాసు రాష్ట్రం 1954లో తన చట్టం తాను చేసుకొంది. అందులోని ముఖ్యమైన సెక్షన్లను 2013లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. 1876 నాటి చట్టం 2018లో రద్దయింది. ఆడవేషాన్ని మాత్రం సర్కారు గౌరవించింది. సత్యభామగా పేరుపొందిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చింది.

ఈ గొడవలో ఎవరూ పట్టించుకోని బిడ్డ ఇంకొకడు ఉన్నాడు. చాప మీద కూర్చున్నవాడు కాదు, రంగం మీద నిలబడ్డవాడు. తమిళనాట బాయ్స్ కంపెనీలు పేదిళ్ళ పసివాళ్ళను చేర్చుకొని ఆడవేషాలూ కట్టించినాయి. ఎం.జి.ఆర్, శివాజీ గణేశన్ ఇద్దరూ అట్లా చిన్ననాడే ఇల్లు వదిలి చేరినవాళ్ళే. శివాజీ సీత వేషం కట్టినాడు. వాళ్ళ పేర్లు మిగిలినాయి. గొంతు మారినాక వేషం పోయిన మిగతా పిలకాయల పేర్లు ఎవరికి తెలుసు?

వాళ్ళకు రక్షణ చాలా ఆలస్యంగా వచ్చింది. బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ, 2017లో నియమాలు వచ్చినాయి. వినోద రంగంలో పనిచేసే బిడ్డకు రోజుకు 5 గంటలు మించి పని ఉండకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరున బ్యాంకులో వేయాలి. చదువు చెడకూడదు.

మా ఇంటి మాట ఇదే: ఏ ఆటకైనా హద్దు పెట్టాల్సి వస్తే, చీర ఎవరు కట్టినారని చూడొద్దు. ఏం మాట్లాడుతున్నారు, ఎవరి చేత ఆడిస్తున్నారు అని చూడండి. మా అవ్వ చదువుకోలేదు, చట్టం తెలియదు. ఆ తేడా మాత్రం తెలుసు.