వార్సా పాతబస్తీ వయసెంత?

వార్సాలో డేటాబేస్ పాఠాలు చెప్పడానికొచ్చి మూణ్ణెల్లయింది. శనాదివారాలు కెమెరా పట్టుకుని పాతబస్తీ మీద పడుతున్నా. మేడలు చూస్తే పదిహేడో శతాబ్దంలా ఉంటాయి, నిజానికి మా నాన్నగారి ఈడువి! 1944 తిరుగుబాటు తర్వాత నాజీలు ఊరిని నేలమట్టం చేశారు.

మరి మళ్ళీ ఎలా కట్టారంటారా? గైడ్లు 18వ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొట్టో పేరే చెప్తారు. ఆయన బొమ్మలు సాయపడ్డాయి, కాదనను. నా దృష్టిలో అసలు హీరోలు ఆర్కిటెక్చర్ విద్యార్థులు, వాళ్ళ పంతుళ్ళు. యుద్ధానికి ముందే ఇంటింటి కొలతలు తీసి గీశారు. ఆ డ్రాయింగుల్ని పియోత్రుకూఫ్ మఠంలో దాచారు (బ్యాకప్ అంటే అదీ!). 1953కల్లా మార్కెట్ చౌరస్తా లేచింది, 1980లో యునెస్కో జాబితాకెక్కింది.

నకిలీయే కదా అని పెదవి విరిచేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. జనం శిథిలాల్లో ఇటుకలేరుకుని కట్టుకున్న ఊరిది. రాజుగారి కోటకి మాత్రం 1971 దాకా అనుమతి రాలేదు. వచ్చే శనివారం అక్కడికే.