గోడ కడితే వలసలు ఆగుతాయా?



2025 ఫిబ్రవరి 5వ తేదీన అమెరికా సైనిక విమానం ఒకటి అమృత్‌సర్‌లో దిగింది. అందులో మనదేశం వాళ్లు 104 మంది వున్నారు. అనుమతి కాగితాలు లేకుండా అమెరికాలో అడుగుపెట్టారని సంకెళ్లు వేసి మరీ వెనక్కి పంపించారు. టీవీలో ఆ వార్త చూస్తూ మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. "సరిహద్దు పొడుగునా గట్టి గోడ కట్టేస్తే ఈ బెడద వుండదు కదా" అన్నాడు మా మరిది. "కట్టారు బాబాయ్, అయినా వస్తూనే వున్నారు" అన్నాడు మా పెద్దవాడు. ఓ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు తలెత్తి, "గోడ సంగతి సరేగాని, తలుపు ఎటు పెట్టారురా?" అన్నారు.

అప్పుడు అందరం నవ్వేశాం. తర్వాత చరిత్ర కాస్త తిరగేసి చూస్తే, ఆవిడ అడిగినదే అసలు ప్రశ్న అనిపించింది.

గోడ అనగానే ఎవరికైనా చైనా గోడ గుర్తొస్తుంది. రకరకాల రాజవంశాలు కట్టినవన్నీ కలిపితే 21 వేల కిలోమీటర్లకు పైమాటేనని 2012లో ఆ ప్రభుత్వం లెక్క తేల్చింది. అది కట్టింది వలసకూలీల కోసం కాదనుకోండి, ఉత్తరాదినుంచి వచ్చే గుర్రపు దండుల కోసం. 1644లో తిరుగుబాటుదారులు బీజింగును పట్టుకున్నారు, మింగ్ చక్రవర్తి ఉరి వేసుకున్నాడు. అప్పుడు తూర్పు కొసన షాన్‌హైగ్వాన్ ద్వారాన్ని కాస్తున్న వూ సాన్‌గ్వీ అనే సేనాపతి, తిరుగుబాటుదారుల్ని ఓడించడానికి మంచూలతో చేతులు కలిపి, తనే వాళ్లను లోపలికి రానిచ్చాడు. వచ్చినవాళ్లు 1912 దాకా చైనాను ఏలారు. గోడ కూలలేదు, కాపలావాడే తలుపు తీశాడు.

అలాగని గోడలు పనిచెయ్యవని కొట్టిపారెయ్యడానికీ వీల్లేదు. బెర్లిన్ సంగతి చూడండి. 1949 నుంచి 1961 దాకా తూర్పు జర్మనీనుంచి 25 లక్షలమందికి పైగా పశ్చిమానికి వెళ్లిపోయారు. డాక్టర్లు, ఇంజనీర్లు, చదువుకున్న కుర్రాళ్లు అందులో ఎందరో. 1961 ఆగస్టు 13 తెల్లవారేసరికి ఊరి మధ్య ముళ్లకంచె వేసేశారు, ఆ తర్వాత గోడ లేపారు. దాంతో ఆ ప్రవాహం ఆగిన మాట నిజం. కానీ ఆపింది ఒక్క కాంక్రీటేనా? గోడమీద బురుజులు, తుపాకులు, కాల్చమన్న ఆజ్ఞ వున్నాయి. ఆ గోడ దగ్గర 140 మందైనా ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1989 నవంబరు 9 రాత్రి కాపలావాళ్లు ద్వారాలు తెరిచేశాక ఆ గోడకు విలువే లేకుండా పోయింది.

మన కాలంలోనూ గెలిచిన కంచెలున్నాయి. ఈజిప్టు సరిహద్దున ఇజ్రాయెల్ వేసిన ఉక్కుకంచె 2013 నాటికి దాదాపు పూర్తయింది. ఆఫ్రికానుంచి ఆ దారిన 2011లో పదిహేను వేలమందికి పైగా వస్తే, 2013లో యాభైమంది కూడా రాలేకపోయారు. అయితే దొరికినవారిని మూడేళ్ల దాకా నిర్బంధించే చట్టాన్ని కూడా 2012లోనే తెచ్చారన్నది మరువకూడదు. హంగరీ దేశం 2015 సెప్టెంబరులో సెర్బియా వైపు 175 కిలోమీటర్ల కంచె మూసింది. మర్నాటికే జనం క్రొయేషియా దారి పట్టారు. అక్టోబరులో ఆ వైపు కూడా మూస్తే స్లొవేనియామీదుగా నడిచారు. హంగరీకి భారం తగ్గింది, అది వెళ్లి పొరుగువాళ్ల వాకిట్లో పడింది.

ఇక ఇంత వాదనకూ కారణమైన అమెరికా, మెక్సికోల సరిహద్దు దగ్గరికి వద్దాం. దాని పొడవు 3,100 కిలోమీటర్ల పైచిలుకు. 1942లో యుద్ధంవల్ల అమెరికాలో పొలం పనులకు మనుషులు కరువయ్యారు. రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని మెక్సికో కూలీలను పిలిపించాయి. 1964లో ఒప్పందం ముగిసేలోపు 46 లక్షల దాకా కూలి ఒడంబడికలు రాసుకున్నారు. అంటే మొట్టమొదట తలుపు తీసి రమ్మన్నది అమెరికాయే నన్నమాట!

1964లో ఒప్పందం పోయింది గాని పొలాలు పోలేదు, పంటలు పోలేదు. అదే రైతుకు అదే కూలీ కావాలి. 1976 చట్టంతో, దగ్గర బంధువుల్ని మినహాయిస్తే, మెక్సికో వాళ్లకు ఏడాదికి 20 వేల శాశ్వత నివాస వీసాలే మిగిలాయి. దాంతో నిన్నటిదాకా కాగితంతో వచ్చినవాడు ఇవాళ కాగితం లేకుండా వచ్చాడు. పట్టుకుని అవతల వదిలేస్తే మళ్లీ వచ్చేవాడు. అయితే వాళ్లలో చాలామంది అక్కడే వుండిపోవాలని రాలేదు. మన పాలమూరు కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టల పనులకో వెళ్లి, వానలు పడే వేళకు సొంత ఊరు చేరేవారు చూడండి, అలాగే వాళ్లూ కొన్నాళ్లు పనిచేసి, డబ్బు తీసుకుని పెళ్లాం పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లేవారు.

1990 తర్వాత శాన్ డియాగో ఊరి దగ్గర, సైన్యం వాడి తీసేసిన ఉక్కుపలకలతో కంచె నిలబెట్టారు. 1994లో "గేట్‌కీపర్", అంటే ద్వారపాలకుడు అనే పేరుతో అక్కడ కాపలా బాగా పెంచారు. ఫలితం కనబడింది. ఆ ప్రాంతంలో 1994లో నాలుగున్నర లక్షల అరెస్టులు జరిగితే, 2002 నాటికి అవి లక్షకు తగ్గాయి. భేష్ అనిపిస్తుంది కదూ? కానీ తూర్పుగా, ఆరిజోనా ఎడారిలోని టూసాన్ ప్రాంతంలో 1994లో లక్షా నలభై వేలున్న అరెస్టులు 2000 నాటికి ఆరు లక్షలు దాటాయి. ఊళ్లమధ్య దారి మూసుకుపోయేసరికి జనం ఎడారిన పడ్డారు. 1998 నుంచి రెండు దశాబ్దాల్లో ఆ సరిహద్దు పొడుగునా 7,000 మందికి పైగా చనిపోయారని అక్కడి సరిహద్దు దళం లెక్కే చెబుతోంది. ఎక్కువమంది ఎండకు, దాహానికి, నదిలో మునిగి పోయినవాళ్లే.

ఇంకో సంగతి ఎవరూ ఊహించలేదు. దాటడం అంత కష్టమూ, దళారి ఖర్చు అంత ఎక్కువా అయ్యేసరికి, లోపలికి చేరినవాడు తిరిగి ఇంటికి వెళ్లడం మానేశాడు. వెళితే మళ్లీ రాగలనో లేదోనని భయం. కూలి డబ్బు వస్తోంది గాని మనిషి రాడు. చివరకు భార్యలే పిల్లల్ని చంకనేసుకుని బయలుదేరారు. 1990లో అమెరికాలో అనుమతి లేకుండా వున్నవారు సుమారు 35 లక్షలని అంచనా. కంచెలూ కాపలాలూ పెరుగుతుండగానే 2007 నాటికి వారు కోటీ ఇరవై లక్షలయ్యారు. పనులు దొరకడం అందుకు పెద్ద కారణమే అయినా, రానివ్వకూడదని కట్టిన కంచె, వచ్చినవాళ్లను పోనివ్వకుండా చేసిందని దీన్ని పరిశీలించిన పండితులు చెబుతున్నారు.

మరి మెక్సికో వలస తగ్గనే లేదా? తగ్గింది. 2007 తర్వాత అమెరికాలో ఇళ్లు కట్టే పనులు పడిపోయాయి. కాపలా గట్టిపడడమూ కొంత కారణమే. కానీ అంతకన్నా నెమ్మదిగా, ఇళ్లల్లో జరిగిన మార్పు ఒకటుంది. 1960ల్లో మెక్సికోలో ఒక్కో తల్లికి ఆరేడుగురు పిల్లలు. 1974లో అక్కడ కొత్త జనాభా చట్టం వచ్చింది. మన ఎర్ర త్రికోణం రోజుల్లాగే ఊరూరా కుటుంబ నియంత్రణ ప్రచారం జరిగింది. 2010 నాటికి తల్లికి ఇద్దరు ముగ్గురు పిల్లలే. ఊళ్లో పని చాలక సరిహద్దు దాటాల్సిన కుర్రాళ్లే తగ్గిపోయారు. దీన్ని ఏ నాయకుడూ తన ఘనతగా చెప్పుకోడు, ఎందుకంటే ఇది ఇల్లాళ్లు చేసిన పని!

2017కూ 2021కూ మధ్య 700 కిలోమీటర్లకు పైగా కొత్త గోడ లేచింది, చాలావరకు పాతకంచె స్థానంలోనే. అయినా 2022లో కాపలావాళ్లు 22 లక్షల సార్లు మనుషుల్ని పట్టుకోవలసి వచ్చింది. చాలామంది దాక్కోను కూడా దాక్కోలేదు. మా దేశంలో ప్రాణభయం వుంది, ఆశ్రయమివ్వండి అంటూ తామే కాపలావాళ్ల ఎదుటికి వెళ్లి నిలబడ్డారు. 2025కు ఆ సంఖ్య రెండున్నర లక్షల లోపుకు పడిపోయింది. ఆ మధ్యలో గోడ పెద్దగా పెరిగింది లేదు. ఆశ్రయం ఇచ్చే నియమాలు బిగించారు, మెక్సికో తన వైపున జనాన్ని ఆపింది, దొరికినవాళ్లను వెంటనే తిప్పి పంపారు. మారింది తలుపు దగ్గరి నియమాలే. మరి నిజంగా ప్రాణభయంతో వచ్చినవాళ్ల గతి ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. ఇక వీసా తీసుకుని దర్జాగా విమానంలో దిగి, గడువు దాటినా వుండిపోయేవారిని ఏ గోడా ఆపలేదు.

ఎవరింటి తలుపు వాళ్లు వేసుకునే హక్కు ఎవరికైనా వుంటుంది, దేశానికి మరీను. గోడ వద్దని నేను అనడంలేదు. మనుషులు కాపలా వున్నచోట, కొద్దిపాటి దూరంలో అది ఆపగలదని చరిత్రే చెబుతోంది. కాని లోపల పని ఇచ్చేవాడు పిలుస్తూ, బయట ఆకలో భయమో తరుముతూ వున్నంతకాలం, ఒక్క గోడవల్ల జరిగేది దారి మారడం, దళారి జేబు నిండడం, వెళ్లినవాడు తిరిగి రాలేకపోవడం.

అమృత్‌సర్‌లో దిగినవారిలో కొందరి ఇళ్లవాళ్లు పొలం అమ్మి, అప్పుచేసి దళారులకు లక్షలు పోశామని చెప్పుకున్నారు. అడవులమ్మట, నదులమ్మట నెలల తరబడి నడిచి వెళ్లిన పిల్లలు సంకెళ్లతో తిరిగి వచ్చారు. ఆ అప్పు ఇప్పుడు ఇంట్లో వున్న ఆడవాళ్ల నెత్తిమీదే వుంటుంది. మన ఇళ్లల్లో ఎవరైనా కుర్రవాడు "ఏజెంటు అన్నీ చూసుకుంటాడమ్మా" అని నగలు అడిగిన రోజున, గోడ ఎంత ఎత్తని కాదు, మా అత్తగారు అడిగినట్టే, తలుపు ఎటువుంది, నువ్వు ఆ తలుపులోంచే వెళ్తున్నావా అని అడగండి. జవాబు సరిగ్గా వచ్చేదాకా బీరువా తాళం చెవి ఇవ్వకండి.