పాలకొల్లు అద్దకము

పండుగలకు మిత్రులకు పంపే చీటీలను ఇంటిలోనే చేసికొనే సరదా మన ఇళ్ళలో లేకపోలేదు. బెండకాయను అడ్డముగా కోసి, సిరాలో అద్ది, కాగితముపై పూవులు వేసే పిల్లలను చూడనివారు అరుదు. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాయనిదే పంపడానికి పెద్దవారు నేటికీ ఒప్పుకొనరు. అచ్చు, రంగు, కాగితము: ఈ చిన్న వినోదమునకు వెనుక మన కృష్ణా గోదావరీ తీరాన వందల ఏండ్లు వర్ధిల్లిన ఒక మహావృత్తి ఉన్నది. ఆ చరిత్రలో పాలకొల్లుకు దక్కవలసిన స్థానము దక్కలేదని మా అభిప్రాయము.

కలంకారీ అనగానే అందరికీ బందరు స్ఫురిస్తుంది. పాలకొల్లు అంటే క్షీరారామము, దాని ఎత్తైన గోపురము. అది సహజమే. కాని మన పూర్వులు వలందావారని పిలిచిన డచ్చివారు 17వ శతాబ్దిలో ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పినారు. వారి కొలువులో ఈ తీరాన ఉండిపోయిన డానియల్ హావర్ట్ అనే ఆయన 1693లో కోరమండల్ తీరమును గురించి పెద్ద గ్రంథము ప్రకటించినాడు. బట్టలపై చిత్రాలు వేసే పని నత్తనడకగా సాగుతుందనీ, ఓర్పు అనే గుణమునకు ఎవరైనా రూపము కల్పించదలిస్తే పాలకొల్లు చిత్రకారుని చూపితే చాలుననీ ఆయన భావము. మెచ్చుకోలో, విసుగో చెప్పడము కష్టము. సరకు కొరకు ఓడను నిలిపి ఉంచిన వర్తకునికి రెండూ ఉండి ఉండవచ్చు. ఆ చిత్రకారుని పేరు మాత్రము చెప్పలేదు.

ఆ ఓర్పు ఎందుకు కావలసివచ్చినదో పని తీరు తెలిస్తేగాని బోధపడదు. బట్టను ఉదికి, కరక్కాయ కషాయములోను గేదెపాలలోను తడిపి ఆరవేసేవారు. పాలలోని వెన్న రంగును ప్రక్కకు ప్రాకనీయదు. తరువాత కాగితముపై చిత్రము గీసి, గీతల వెంట సూదితో సన్నని బెజ్జాలు పొడిచి, దానిని బట్టపై పరచి బొగ్గుపొడి అద్దేవారు. ఆ చుక్కలను అనుసరించి కలము నడుస్తుంది. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టగా వచ్చిన ద్రవముతో నల్లగీతలు. ఎరుపు రావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక నీరు! దానికి రంగు లేదు గనుక, పూసిన చోటు కనబడడానికి కాస్త ఏదో రంగు కలిపేవారు. ఆపై బట్టను చిరివేరు వేసి కాచితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది; తక్కినది పారే నీటిలో ఉదికి, పేడనీటిలో నానవేసి, ఎండలో పరచగా తెల్లబడుతుంది. నీలిమందు పని వేరే. నీలి వద్దన్న చోట్లను మైనముతో కప్పి, బట్టను నీలితొట్టిలో ముంచేవారు. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా వెనుకటి శ్రమ అంతా వృథా.

అచ్చుల పద్ధతి దీనికి సోదరి వంటిది. టేకు చెక్కపై చెక్కిన అచ్చుతో కలము పనిని తొందరపరచవచ్చు. రసాయనము మాత్రము అదే.

అచ్చు అనగానే మరొకటి చెప్పాలి. గోల్కొండ ఏలుబడిలో బట్టకు సర్కారు ముద్ర కూడ పడేది. ఛాపా దలాలీ అనే ఆ ముద్రసుంకము నుండి డచ్చివారు 1606లో మినహాయింపు సంపాదించినారు. చిత్రకారుడు వేసిన పూవుకన్న ఆ ముద్రను గురించే వర్తకులు ఎక్కువగా పోట్లాడినారంటే ఆశ్చర్యము లేదు.

ఐరోపాలో ఈ వస్త్రాలపై మోజు ఎంత ముదిరినదంటే, అక్కడి నేతగాండ్ర మొర ఆలకించి 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటి దిగుమతిని నిషేధించినవి. 1721 నాటి ఇంగ్లీషు చట్టమైతే ధరించడమునే నిషేధించినది. 1783లో థామస్ బెల్ కుండ్రని రోలరుతో అచ్చువేసే యంత్రమునకు పేటెంటు పొందినాడు. నత్తనడక వానితో ఎట్లు పోటీపడగలదు?

చిరివేరు కథ ఇంకను విచారకరము. సామర్లకోటలో ఉండి మన మొక్కలను శోధించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడనారంభించిన తన గ్రంథములో ఈ మొక్క బొమ్మను, దాని రంగు వివరాలను చేర్చినాడు. చిరివేరు ఎరుపునకు మూలమైన అలిజరిన్ అనే పదార్థమును 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసినారు. ఆపై వేరు త్రవ్వేవారికి గిరాకీ ఏది?

పాలకొల్లును, తీరమందలి తమ తక్కిన స్థానాలను డచ్చివారు 1824 ఒప్పందము మేరకు 1825లో ఇంగ్లీషువారికి అప్పగించినారు. అద్దకము మాత్రము బందరు ప్రక్కనున్న పెడనలో నేటికీ జీవించి ఉన్నది. అచ్చు చెక్కేవారు, వేసేవారు, కాలువలో ఉదికేవారు ఉన్నారు.

ఇంటిలో చీటీలు చేసికొనేవారు ఈ విద్యలో ఒక మెట్టును సులభముగా పరీక్షించి చూడవచ్చు. కరక్కాయల పొడిని నీటిలో కాచి వడకట్టి, మందమైన కాగితముపై పలుచగా పూసి ఆరనీయండి. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో కొన్నాళ్ళు నానవేసి తేరిన ద్రవములో అచ్చును అద్ది వేయండి. తుప్పునీరు కరక్కాయ పూతను తాకగానే నల్లబడసాగుతుంది, ఆరిన కొద్దీ చిక్కబడుతుంది. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి మన పెద్దలు వ్రాతకు వాడుకొన్న సిరాయును ఈ జాతిదే.