ఎర లేని గాలం

జిగ్ అంటే తన ఒంటినే ఎరగా మార్చుకున్న గాలం. బరువు, కొక్కెం, మెరుపు మూడూ ఒకే వస్తువులో ఇమిడి ఉంటాయి. వానపాముతో పని లేదు, రొయ్యతో పని లేదు. దారానికి కట్టి అడుగుదాకా దింపి, మణికట్టుతో పైకి విదిలించి వదలాలి. మళ్ళీ విదిలించాలి. దీని చరిత్ర తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. దీన్ని ఇంట్లో చేసుకున్నవాళ్ళు ఇందుకోసం కొత్త సరుకు కొన్నది బహు తక్కువ. ఒడ్డున దొరికిందీ, వంటింట్లో మిగిలిందీ, పడవలో పనికిరానిదీ, ఇవే ముడిసరుకు.

ఒకినావాలోని సకితారి గుహలో సముద్రపు నత్త చిప్పను అరగదీసి చేసిన గాలాలు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 23,000 ఏళ్ళని 2016లో ప్రకటించారు. అవి వట్టి గాలాలే. చేపను మోసం చేసే విద్య ఎంత ముదిరిందో చూడాలంటే పసిఫిక్ దీవులకు రావాలి. అక్కడివాళ్ళు ముత్యపు చిప్పను చిన్న చేప ఆకారంలో అరగదీసి, దానికి తాబేటి చిప్పతోనో ఎముకతోనో ముల్లు బిగించి, తోక దగ్గర ఈకలు కట్టారు. పడవ వెనక లాగుతుంటే చిప్ప తళుక్కుమంటుంది, సూర చేప దూకి పట్టుకుంటుంది.

ఆక్టోపస్‌కు వేసే ఉచ్చు ఇంకా తమాషా. రాతి గుండుకు గవ్వ పెంకులు కట్టి, తోకలా ఒక పుల్ల తగిలించి దారంతో ఆడిస్తారు. మారియానా దీవుల్లో దొరికిన ఇలాంటి గవ్వ ఉచ్చులు దాదాపు 3,500 ఏళ్ళనాటివి. టోంగాలో దీనికో కథ ఉంది. పడవ మునిగి నీళ్ళపాలైన ఎలుకను ఆక్టోపస్ జాలిపడి నెత్తిన ఎక్కించుకుని ఒడ్డు చేర్చిందట. దిగీ దిగగానే ఎలుక, నీ నెత్తి ఒకసారి తడిమి చూసుకో అని ఎగతాళి చేసిందట. అక్కడ అది చేసిన పని ఏమిటో పాఠకులు ఊహించుకోగలరు. ఆనాటి కక్షతో ఎలుక ఆకారం కనిపిస్తే చాలు, ఆక్టోపస్ మీదపడి కావలించుకుంటుందట. గవ్వ ఎలుక వీపు, పుల్ల ఎలుక తోక! జీవశాస్త్రం ఇంకోలా చెబుతుంది కానీ, ఉచ్చు ఎలా చెయ్యాలో పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

జపాన్‌లోనూ ఇలాంటి కథే ఉంది. రాత్రివేట చేస్తున్న అమామి దీవి జాలరి చేతిలోంచి మండుతున్న కాగడా కట్టె నీళ్ళలో పడితే, స్క్విడ్ వచ్చి దాన్ని వాటేసుకుందట. ఆ కాలిన కట్టె నుంచే ‘ఎగి’ పుట్టిందంటారు. రొయ్య ఆకారంలో చెక్కిన కొయ్యకు వెనక ముళ్ళ వరుస ఉంటుంది. అక్కడి నుంచి అది కగోషిమా వైపు పాకి, జపాన్ చరిత్రలో ఎడో అనే యుగంలో చేతిపనిగా స్థిరపడింది. ఇప్పుడు దుకాణాల్లో ఎగిలు ఇంద్రధనుస్సు రంగులన్నిటిలో దొరుకుతాయి. చాలా స్క్విడ్ జాతులకు రంగులు తెలియవు. ఆ రంగులు కొనేవాళ్ళ కోసమే అనిపిస్తుంది నాకు. స్క్విడ్ చూసేది వెలుగు నీడల తేడాని, కదలికని.

ఇక సీసం. జిగ్ అనే మాట వినగానే గుర్తొచ్చే లోహం ఇదే. 327 డిగ్రీల వేడికే కరుగుతుంది, నీటికంటే 11 రెట్లకు పైగా బరువు, పాత సామాన్లలో తేలిగ్గా దొరుకుతుంది. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేపల వేటే బతుకుగా ఉన్న కాలంలో, సీసం కరిగించి అచ్చులో పోసి చేప ఆకారపు జిగ్గులు చేసుకునేవారు. దాని మూతి దగ్గర రెండు పెద్ద కొక్కేలు చెరోవైపుకు వంగి ఉంటాయి. దీని మీద ఫిర్యాదులూ పాతవే. విదిలించినప్పుడు కొక్కెం చేప నోటికి కాక పొట్టకో వీపుకో గుచ్చుకుంటుంది. తప్పించుకున్నవి గాయాలతో పోతాయి. ఎరతో పట్టేవాళ్ళకు ఇది మోటు పనిగా కనిపించిందంటే వాళ్ళను తప్పుపట్టలేం.

మరి ఆ ఎర ఎక్కడిది? చాలావరకు స్క్విడ్. దాన్ని పట్టడానికీ జిగ్గే! అడుగున పిన్నులన్నీ కిరీటంలా పైకి వంగిన చిన్న సీసపు కడ్డీ, ఎక్కువగా ఎర్ర రంగు పూసింది. స్క్విడ్‌ను పైకి లాగగానే అది సిరా నీళ్ళు మొహాన చిమ్ముతుంది. ఈ వేట మీద ఆర్థర్ స్కామెల్ అనే కుర్రాడు 1928లో, పదిహేనేళ్ళ వయసులో పాట కట్టాడు. 1949లో న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో కలిసినప్పుడు ఒట్టావా పార్లమెంటు గోపురం గంటల మీద మోగించింది ఆ పాటనే. మొహాన సిరా పడ్డ జాలర్ల పాటకు అంతటి వైభోగం!

జిగ్‌కు దగ్గరి చుట్టాలైన మెరుపు ఎరలదీ ఇదే దారి. అమెరికాలో జూలియో బ్యూయెల్ చెంచా చెరువులో జారిపడితే చేప వచ్చి కొట్టిందనీ, అతను చెంచా కాడ తీసేసి కొక్కెం అతికించాడనీ చెబుతారు. 1852లో పేటెంటు తీసుకున్న మాట మాత్రం కథ కాదు. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫోటో నెగెటివ్‌లు కరిగించిన పూతతో దాన్ని తడి నుంచి కాపాడాడు. 1962లో ‘లైఫ్’ పత్రిక ఆ ఎర గురించి రాసిన సంచిక అట్ట మీద మార్లిన్ మన్రో ఉంది. ఆ సంచికను జనం ఎగబడి కొన్నారు, ఆర్డర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి, ఇంటి పని ఫ్యాక్టరీ అయింది.

సీసానికి ఎదురుదెబ్బ పక్షుల వల్ల తగిలింది. హంసలు తిన్నది నలగడానికి గులకరాళ్ళు మింగుతాయి. జాలర్లు పారేసుకున్న సీసపు గుళ్ళు కూడా వాటికి గులకరాళ్ళే. బ్రిటన్‌లో థేమ్స్ హంసలు విషంతో చచ్చిపోతుంటే, 1987లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉన్న చాలా రకాల సీసపు బరువులను నిషేధించారు. కెనడా తన జాతీయ పార్కుల్లో 50 గ్రాముల లోపు సీసపు బరువులూ జిగ్గులూ వద్దని 1997లో ఆపేసింది. పోత పోసేవాళ్ళకూ సీసంతో ప్రమాదమే. పొగ పీల్చకూడదు. అచ్చులో ఒక్క నీటిచుక్క ఉన్నా ఆవిరై, కరిగిన లోహాన్ని మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

అందుకే ఇప్పుడు ఇంట్లో చేసుకునేవాళ్ళలో కొందరు తగరం, బిస్మత్ కలిసిన లోహానికి మళ్ళారు. తగిన పాళ్ళలో కలిపితే 138 డిగ్రీలకే కరుగుతుంది, సిలికోన్ అచ్చు తట్టుకుంటుంది. చిక్కల్లా బరువుతోనే. అంతే బరువు రావాలంటే జిగ్ సీసపుదానికంటే లావవుతుంది, మెల్లగా దిగుతుంది. చెరువులో ఇది సుగుణమే, చేప దాన్ని చూసే వ్యవధి దొరుకుతుంది. లోతు కడలిలో, ప్రవాహం ఈడుస్తున్నచోట మాత్రం పనికిరాదు. కాడ్ వేటలో వాడే బరువైన జిగ్గును ఏ హంసా మింగలేదు కాబట్టి ఈ చట్టాల లెక్కలోకి అది రాదు. 1992లో కెనడా కాడ్ వేటను ఆపేసినప్పుడు ఆ జిగ్గులు చాలా ఇళ్ళలో గోడకెక్కాయి. వేసవిలో ఇంటి కూరకు పట్టుకోవడానికి అనుమతించిన రోజుల్లో, మనిషికి ఐదు చేపల లెక్కన, వాటిలో కొన్ని మళ్ళీ నీళ్ళలోకి దిగుతున్నాయి.