ఆకు ఇచ్చినది, ఆకు ఈయలేనిది

1928వ సంవత్సరమున ఇంగ్లండు నుండి బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు, హాఫ్కిన్ సంస్థయందు సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిన రక్తబిందువులలో పెక్కు గర్భవతులగు నిరుపేద స్త్రీలవి, బట్టలమిల్లులలో పనిచేయువారివి. ఆ రక్తమున ఎఱ్ఱకణములు సంఖ్యలో క్షీణించి, పరిమాణమున అసహజముగా పెరిగియుండెను. తల్లులు పాలిపోయి, నడువ శక్తిలేక, కొందఱు ప్రసవమునకు ముందో వెనుకనో మరణించుచుండిరి. విల్స్ వ్యాధికి సూక్ష్మక్రిమి కారణమేమో యని వెదకుటతో తృప్తి చెందక, ఆ స్త్రీల యిండ్లలో ఏమి వండుచున్నారో, ఏమి కొనలేకున్నారో విచారించెను. పండ్లును కూరగాయలును అరుదైన యిండ్లలోనే ఈ రోగము ప్రబలుచున్నదని గ్రహించుట వైద్యచరిత్రలో ఎంతటి ఘనకార్యమో మనము నేటికిని తగినంతగా గుర్తింపలేదని నా నమ్మకము.

అప్పటికి రెండేండ్ల పూర్వమే అమెరికాలో మైనట్, మర్ఫీ అను వైద్యులు కాలేయాహారముతో ఒకవిధమగు ప్రాణాంతక రక్తహీనతను కుదిర్చియుండిరి. కాని కాలేయము పేదలకు ఖరీదైనది, శాకాహారులకు అభోజ్యము. విల్స్ మార్మైటును ఆశ్రయించెను. బీరు తయారైన పిదప మిగిలిన ఈస్టునుండి తీయబడి, ఉప్పగా, నల్లబెల్లపు పాకమువలె సాగెడు ఆ పదార్థము ఏ జంతువునుండియు వచ్చినది కాదు. దానిని పుచ్చుకొన్న గర్భిణుల రక్తమున కొద్దిదినములలోనే క్రొత్త కణములు పొడసూపెను. లోపభూయిష్ఠమైన ఆహారముతో అట్టి రక్తహీనతకే గురియైన కోతులును మార్మైటుతో కోలుకొనెను. ఈ విషయమును ఆమె 1931లో ప్రకటించెను. ఈస్టులోని ఆ అజ్ఞాతద్రవ్యమును చిరకాలము ఆమె పేరిటనే వ్యవహరించిరి.

ఆ ద్రవ్యమే ఫోలిక్ ఆమ్లమని తెలియుటకు పదేండ్లకు పైగా పట్టెను. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని అత్యల్పమాత్రముగా రాబట్టిరి. 1945లో లెడర్లే ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా నిర్మించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇరువురు యౌవనముననే స్ప్రూ అను గ్రహణిరోగమునకు బలియైరి. ఫోలిక్ ఆమ్లము ఆ రోగమునకును ఔషధమైనది. పిమ్మట 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనామండలి పరీక్ష, గర్భధారణకు పూర్వమునుండియే దీనిని సేవించినచో శిశువు నాడీనాళమునందలి లోపములు చాలవఱకు నివారింపబడునని నిరూపించెను. ఆ నాళము మూసికొనుట గర్భము నిలిచిన నాలుగు వారములలో, అనగా పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమని తెలియకపూర్వమే, ముగియును.

తోటకూర, గోంగూర, పెసలు, శనగలు ఇచ్చునది ఈ ఫోలేటునే. కాని ఆకు ఈయలేనిది మఱొకటి కలదు. 1944లో ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ ప్రభృతులు పాలు, గ్రుడ్లు సైతము వర్జించి వీగన్ సంఘమును స్థాపించునాటికి బి-12 విటమిను ఎవరికిని తెలియదు. అది 1948లో అమెరికాలోను, బ్రిటనులోను ఇంచుమించు ఏకకాలమున వేఱుచేయబడినది. దానిని సూక్ష్మజీవులే నిర్మింపగలవు, మొక్కలు నిర్మింపజాలవు. 1955లో ఫ్రాంక్ వోక్స్, ఆయన సహచరులు బ్రిటిష్ వీగన్‌లను పరీక్షించి, కొందఱికి నాలుక పుండై, కాలుసేతులు తిమ్మిరెక్కుటను లిఖించిరి. ఇచటనే ఒక ప్రమాదము పొంచియున్నది: ఆకుకూరలలోని ఫోలేటు గాని, ఫోలిక్ మాత్ర గాని రక్తమును చక్కబఱచి, బి-12 లోపమును మఱుగుపఱచును, నాడులు మాత్రము లోలోపల క్షీణించుచునే యుండును.

1962లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు ప్రకటించిన వ్యాసము నన్ను మిక్కిలి కలచివేసినది. తల్లిపాలు మాత్రమే త్రాగుచున్న దక్షిణభారత శిశువులు కొందఱు, నవ్వుట, కూర్చుండుట వంటి నేర్చిన పనులను మఱచి, నిస్తేజులై, చర్మము నల్లబాఱి, అవయవములు తమంత తామే వణకుచుండగా ఆసుపత్రికి తేబడిరి. లోపము బిడ్డలది కాదు, తల్లుల శరీరమున బి-12 నిల్వలు లేకపోవుటయే. ఆ విటమినును ఈయగా శిశువులు శీఘ్రముగా తేఱుకొనిరి. ఆ తల్లులలో ఎవరును వీగన్ అను పేరు విని యుండకపోవచ్చును. పేదరికమో, ఆచారమో వారి ఆహారమును సంకుచితము గావించినది.

నేడు బుద్ధిపూర్వకముగా పాలను విడిచి గర్భము ధరించు స్త్రీకి బి-12 కొఱకు కాలేయముతో పనిలేదు. మాత్రలలోని బి-12 పెద్ద తొట్లలో బాక్టీరియాను పులియజేసి తయారుచేయబడుచున్నది. వైద్యుడు నిర్ణయించిన మోతాదున ఫోలిక్ ఆమ్లముతోపాటు దానిని గర్భధారణకు పూర్వమునుండి, బిడ్డ పాలు మానువఱకును పుచ్చుకొనవలెను.