ఇంటి వివరాలన్నీ ఒకే ఫైల్‌లో... కంప్యూటర్‌లో ఎలా రాసుకోవాలి? ప్రింట్ ఎలా తీయాలి?

ఇంట్లో డబ్బు వ్యవహారాలు చూసుకునే వ్యక్తి హఠాత్తుగా ఆస్పత్రిలో చేరితే మిగిలినవాళ్లకు వెంటనే కొన్ని వివరాలు కావాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుంది? ఏ బ్యాంకులో ఎంత ఎఫ్‌డీ ఉంది? బంగారం ఎక్కడ తాకట్టులో ఉంది, గడువు ఎప్పుడు? ఆ వ్యక్తి కన్నుమూస్తే ఈ ప్రశ్నల జాబితా ఇంకా పెరుగుతుంది. చాలా ఇళ్లలో జవాబులన్నీ ఒక్క మనిషి జ్ఞాపకంలోనో, పిన్ నంబర్ తెలియని ఒక ఫోన్‌లోనో ఉంటాయి.

పదేళ్ల పాటు ఎలాంటి లావాదేవీ లేని బ్యాంకు ఖాతాల్లోని డబ్బును బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ నిర్వహించే ప్రత్యేక నిధికి బదిలీ చేస్తాయి. అలాంటి డబ్బును ప్రజలు వెతుక్కోవడానికి ఆర్‌బీఐ 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ పేరుతో ఒక పోర్టల్ తెరవాల్సి వచ్చింది. ఆ డబ్బులో కొంతైనా, ఖాతా ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియక మిగిలిపోయిందే.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఒకటుంది. ఇంటి వివరాలన్నీ కంప్యూటర్‌లో ఒకే ఫైల్‌లో రాసి, తాళం వేసి, ఒక ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోవడం. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చాలావరకు పూర్తవుతుంది.

ఫోన్‌లో, డిజీలాకర్‌లో ఉంటే చాలదా?

డిజీలాకర్‌లో ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఆర్‌సీ వంటివి ఉంటాయి. అవి పత్రాలు. మీకు ఏ చిట్టీలో ఎన్ని నెలల వాయిదాలు మిగిలాయో, ఎవరికి చేబదులు ఇచ్చారో, లాకర్ తాళంచెవి ఎక్కడ పెట్టారో అందులో ఉండదు. పైగా దాన్ని తెరవాలంటే మొబైల్‌కు వచ్చే ఓటీపీ కావాలి. ఫోన్ పోయినా, లాక్ తీయలేకపోయినా, రీఛార్జ్ చేయక నంబర్ రద్దయినా దారి మూసుకుపోతుంది.

వాట్సాప్‌లో తమకు తామే పంపుకొన్న ఫొటోలదీ ఇదే పరిస్థితి. ఉన్నాయన్న నమ్మకం ఉంటుంది కానీ, అవసరమైన రోజున మరొకరు వెతికి పట్టుకోలేరు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. వరసలు, గడులు ఉండే స్ప్రెడ్‌షీట్ చాలు. కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఉంటే అదే వాడొచ్చు. లేకపోతే ‘లిబ్రేఆఫీస్’ ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. అందులోని ‘క్యాల్క్’ అనే ప్రోగ్రామే స్ప్రెడ్‌షీట్. ఒకసారి డౌన్‌లోడ్ చేశాక ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. మీ వివరాలు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి.

‘పర్సనల్ ఫైల్ ఆర్గనైజర్’ వంటి పేర్లతో ఇంటర్నెట్‌లో దొరికే ముక్కూమొహం తెలియని ప్రోగ్రాములను ఈ పనికి వాడకపోవడం మంచిది. నాలుగేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందో లేదో తెలియదు. ఆ ప్రోగ్రామ్ లేకపోతే ఫైల్ తెరుచుకోకపోవచ్చు. స్ప్రెడ్‌షీట్ ఫైల్ అయితే వేరే కంప్యూటర్‌లో, వేరే ప్రోగ్రామ్‌లోనైనా తెరవొచ్చు.

తెలుగులో టైప్ చేయాలంటే విండోస్ సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగును చేర్చుకుంటే సరిపోతుంది. కీబోర్డ్ అందులోనే వస్తుంది.

ఏయే షీట్లు ఉండాలి?

ఒకే ఫైల్‌లో కింది షీట్లు వేరువేరుగా పెట్టుకోండి.

1. కుటుంబ సభ్యులు: ఒక్కొక్కరికి ఒక వరస. పుట్టినతేదీ, బ్లడ్ గ్రూప్, వాడుతున్న మందులు, అలర్జీలు. వీటితో పాటు మూడు గడులు తప్పనిసరి: ఆధార్‌లో పేరు, పాన్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు. మన దగ్గర ఇంటిపేరు ఒక పత్రంలో ముందుంటుంది, మరోదాంట్లో వెనక ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. పెళ్లయ్యాక కొందరి ఇంటిపేరు సగం పత్రాల్లోనే మారుతుంది. ఈ తేడాలే తర్వాత క్లెయిముల దగ్గర అడ్డుపడతాయి. మూడూ పక్కపక్కన రాస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. మనిషి ఉండగానే సరిచేయించుకోవచ్చు.

2. బ్యాంకు, పోస్టాఫీసు: బ్యాంకు, బ్రాంచి, ఖాతా రకం, నంబర్, ఎవరి పేరున, నామినీ ఎవరు, ఎఫ్‌డీ గడువు తేదీ, పాస్‌బుక్ లేదా బాండ్ ఎక్కడుంది.

3. బీమా: పాలసీ నంబర్, ప్రీమియం తేదీ, నామినీ. ఇక్కడ చాలామంది మరిచిపోయేవి రెండున్నాయి. పాస్‌బుక్‌లో ఏటా 436 రూపాయలు కట్ అవుతుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 20 రూపాయలు కట్ అవుతుంటే సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో మరణించినా 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం. రెండోదాంట్లో ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. బాండ్ కాగితం ఇంటికి రాదు కాబట్టి పాలసీ ఉన్న సంగతే ఇంట్లో తెలియకపోవచ్చు.

4. ఉద్యోగం, పింఛను: పీఎఫ్ ఉన్నవాళ్లు 12 అంకెల యూఏఎన్, పనిచేసిన కంపెనీల పేర్లు, ఈ-నామినేషన్ పూర్తయిందో లేదో రాయాలి. పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే ఈడీఎల్‌ఐ పథకం కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల బీమా వస్తుంది. ఇది కూడా విడిగా ప్రీమియం కట్టేది కాదు కాబట్టి చాలామందికి గుర్తుండదు.

5. అప్పులు, ఇచ్చినవి, రావాల్సినవి: ఇంటి రుణం, బంగారం తాకట్టు, చిట్టీలు, ప్రామిసరీ నోట్లు, చేబదుళ్లు. తాకట్టు రసీదు ఎక్కడుందో, గడువు ఎప్పుడో కచ్చితంగా ఉండాలి. గడువు దాటితే నగలు వేలానికి వెళ్తాయి.

6. ఆస్తులు: సర్వే నంబర్, ఖాతా నంబర్, రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది, ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబర్, ఒరిజినల్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి.

7. ఫోన్ చేయాల్సినవాళ్లు: ఇంటి డాక్టర్, బీమా ఏజెంట్, ఆడిటర్, ఆఫీసులో హెచ్‌ఆర్, నమ్మకమైన బంధువు.

ప్రతి షీట్‌లోనూ చివరి గడి ఒకటే: ‘కాగితం ఎక్కడుంది’. ‘బెడ్‌రూమ్ బీరువా, పై అర, నీలం ఫైల్’ అన్నంత వివరంగా రాయండి. మిగతావన్నీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఇది మాత్రం మీరు రాస్తేనే తెలుస్తుంది.

టైప్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

నంబర్ల గడులను ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పెద్ద పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. స్ప్రెడ్‌షీట్ ప్రతి అంకెనూ లెక్క అనుకుంటుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్‌లో ఆ సున్నా ఎగిరిపోతుంది. 15 అంకెలకు మించిన నంబరైతే 16వ అంకె నుంచి సున్నాలుగా మారిపోతాయి. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు 16 అంకెలవే. అందుకే టైప్ చేయకముందే ఆ నిలువు వరసను ఎంచుకుని, ‘ఫార్మాట్ సెల్స్’లోకి వెళ్లి ‘టెక్స్ట్’ నొక్కాలి. టైప్ చేశాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి. 05-06 అంటే జూన్ 5 అని మనం అనుకుంటాం. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్ మే 6 అనుకుంటుంది. ‘5 జూన్ 2027’ అని రాస్తే ఆ గందరగోళం ఉండదు. ఈ గడిని కూడా టెక్స్ట్‌గానే ఉంచండి.

పేర్లు పత్రంలో ఏ భాషలో, ఏ స్పెల్లింగ్‌తో ఉంటే అలాగే కొట్టండి. వివరణలు మాత్రం ఇంట్లో అందరూ చదవగలిగే భాషలో రాయండి.

ఏవి రాయకూడదు?

ఏటీఎం పిన్, యూపీఐ పిన్, కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఈ ఫైల్‌లో ఉండకూడదు. ఖాతాదారు మరణించాక ఆయన పిన్‌తో డబ్బు తీయడం సరైన దారి కాదు. నామినీ మరణ ధ్రువీకరణ పత్రంతో బ్యాంకులో క్లెయిమ్ చేసుకోవాలి. ఆధార్ నంబర్లో చివరి నాలుగంకెలు రాస్తే చాలు.

పాస్‌వర్డ్‌లు గుర్తుండక ఇబ్బంది పడేవాళ్లకు ‘కీపాస్‌ఎక్స్‌సీ’ వంటి ఉచిత ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. అవి పాస్‌వర్డ్‌లను తాళం వేసిన ఒక ఫైల్‌లో మీ కంప్యూటర్‌లోనే దాస్తాయి.

ఫైల్‌కు తాళం ఎలా?

లిబ్రేఆఫీస్‌లో ‘సేవ్ యాజ్’ నొక్కినప్పుడు కింద ‘సేవ్ విత్ పాస్‌వర్డ్’ అన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టాలి. ఎక్సెల్‌లో ‘ఫైల్’ మెనూలో ‘ఇన్ఫో’, అందులో ‘ప్రొటెక్ట్ వర్క్‌బుక్’, తర్వాత ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’. పేరులో పోలిక ఉన్నా ‘ప్రొటెక్ట్ షీట్’ వేరు. అది గడుల్లో మార్పులు చేయకుండా ఆపుతుందే తప్ప చదవకుండా ఆపదు.

ఈ పాస్‌వర్డ్ మరిచిపోతే ఫైల్ తెరిపించే కస్టమర్ కేర్ ఏదీ లేదు. అందుకే దాన్ని కాగితంపై రాసి, కవరులో పెట్టి అంటించి, ప్రింట్ ఉన్న చోట కాకుండా వేరే చోట ఉంచండి.

ప్రింట్ ఎలా తీయాలి?

ప్రింట్ కాగితం పదిమంది కంట పడొచ్చు. కాబట్టి ఫైల్‌లో ఉన్నదంతా అందులోకి రానక్కర్లేదు. పూర్తి ఖాతా నంబర్ పక్కన ‘చివరి 4 అంకెలు’ అని మరో గడి పెట్టుకోండి. ప్రింట్ ఇచ్చే ముందు పూర్తి నంబర్ ఉన్న నిలువు వరసపై రైట్ క్లిక్ చేసి ‘హైడ్’ నొక్కండి. దాచిన వరస ప్రింట్‌లో రాదు. బ్యాంకు, బ్రాంచి, చివరి నాలుగంకెలు, పాస్‌బుక్ ఎక్కడుందో తెలిస్తే ఇంట్లోవాళ్లకు దారి దొరుకుతుంది.

పేజీని అడ్డంగా పెట్టండి. దాన్నే ‘ల్యాండ్‌స్కేప్’ అంటారు. గడులు పేజీ దాటి పోకుండా వెడల్పుకు సరిపోయేలా ‘ఫిట్’ ఎంచుకోండి. అక్షరాలు మరీ చిన్నవైపోతే గడులు తగ్గించండి. అరవై దాటినవాళ్లు కళ్లజోడుతో చదవగలగాలి. పేజీ అడుగున ప్రింట్ తీసిన తేదీ తప్పకుండా వచ్చేలా చూడండి. రెండు ప్రింట్లు దొరికినప్పుడు ఏది కొత్తదో చెప్పేది ఆ తేదీయే.

ఇంట్లో ప్రింటర్ లేకపోతే?

నమ్మకమైనవాళ్ల ఇంట్లో తీసుకోవడం మేలు. నెట్ సెంటర్‌కే వెళ్లాల్సివస్తే అసలు ఫైల్‌ను తీసుకెళ్లొద్దు. నంబర్లు దాచాక పీడీఎఫ్‌గా మార్చి, దాన్ని మాత్రమే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. సెంటర్ వాట్సాప్ నంబర్‌కు పంపితే ఆ ఫైల్ వాళ్ల ఫోన్‌లో, కంప్యూటర్‌లో రెండుచోట్లా ఉండిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా తెరిచి ప్రింట్ ఇవ్వమనండి. డెస్క్‌టాప్‌పైకి కాపీ చేస్తే మీ ఎదుటే తీసేయించండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. సరిగా రాక పక్కన పడేసిన కాగితాలనూ వెంట తెచ్చుకోండి.

ఎక్కడ పెట్టాలి? ఎవరికి చెప్పాలి?

ఫైల్ కాపీ ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కే తగిలించి ఉంటే రెండూ ఒకేసారి పోతాయి, విడిగా ఉంచండి. ప్రింట్‌ను అసలు పత్రాల ఫైల్‌లో మొదటి కాగితంగా పెట్టండి. బ్యాంకు లాకర్‌లో మాత్రం వద్దు. లాకర్ ఉందని చెప్పాల్సిన కాగితం ఆ లాకర్‌లోనే ఉంటే ప్రయోజనం లేదు.

ఇంట్లో కనీసం ఇద్దరికి ఈ సంగతి తెలియాలి. భార్యాభర్తల్లో ఒకరే లెక్కలు చూస్తుంటే రెండోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి షీట్లన్నీ చదివించండి. విదేశాల్లో పిల్లలున్నవాళ్లు వాళ్లకు ఫైల్ పంపడం కన్నా, ప్రింట్ ఎక్కడుందో చెప్పి ఉంచడం సులువు.

ఎప్పుడెప్పుడు మార్చాలి?

ఏటా జులైలో ఆదాయపు పన్ను రిటర్నులకు కాగితాలు బయటకు తీస్తాం కదా, అప్పుడే ఒక గంట దీనికీ కేటాయించండి. ఇంట్లో పెళ్లి, పుట్టుక, మరణం, ఉద్యోగ మార్పు, ఇల్లు కొనడం వంటివి జరిగితే వెంటనే మార్చండి. కొత్త ప్రింట్ తీశాక పాతదాన్ని చించేయండి.

ఆ రోజు ప్రత్యేకంగా చూడాల్సింది నామినీ గడి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇప్పటికీ తండ్రి పేరో, తల్లి పేరో ఉండిపోవచ్చు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతం అన్నదీ రాయొచ్చు. అయితే బ్యాంకు డిపాజిట్లలో నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే. ఆ డబ్బుపై చట్టప్రకారం వారసులకు ఉండే హక్కు పోదు. ఎవరికి ఏం చెందాలన్నది స్పష్టంగా ఉండాలంటే వీలునామా రాయాలి. ఈ ఫైల్ వీలునామాకు ప్రత్యామ్నాయం కాదు.

పెద్దవాళ్ల పాత ఖాతాలు గుర్తుకు రాకపోతే?

ఉద్గమ్ పోర్టల్‌లో మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ చేసుకుని, ఖాతాదారు పేరుతో పాటు పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్, పుట్టినతేదీ వంటి వివరాల్లో ఒకటి ఇచ్చి వెతకొచ్చు. ఖాతా కనిపిస్తే డబ్బు కోసం ఆ బ్యాంకునే సంప్రదించాలి. పదేళ్లు దాటి ఆర్‌బీఐ నిధికి వెళ్లిన డబ్బునూ ఖాతాదారు లేదా వారసులు బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు.

కంప్యూటర్ లేనివాళ్లు ఇవే గడులు గీసుకుని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నా పని జరుగుతుంది. ఒకేసారి అన్నీ పూర్తిచేయాలని వాయిదా వేయకుండా, ముందు బ్యాంకు, బీమా షీట్లు రెండూ రాయండి. క్లెయిముల కోసం కుటుంబానికి ముందుగా కావాల్సినవి అవే.